25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ బోర్డుకు మళ్ళీ ఈఎంసీ టెస్ట్ కావాలా?

మీ బోర్డులో 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ (క్లాక్ సంకేతం పుట్టించే భాగం), 480 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఉన్నాయని, మళ్ళీ ఈఎంసీ టెస్ట్ (పరికరం వెదజల్లే రేడియో అంతరాయాన్ని కొలిచే పరీక్ష) చేయించాలా అని అడిగారు. చిక్కు బోర్డులో కాదు, ల్యాబ్‌కి ఇచ్చిన ఫారంలో ఉన్నట్టుంది. పాత రిపోర్ట్ 1 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిందన్నారు, కొత్త నిబంధనల ముసాయిదా సిస్పర్ 32ను (ఎలక్ట్రానిక్ పరికరాల ఉద్గారాలకు అంతర్జాతీయ ప్రమాణం) తప్పనిసరి చేస్తోందన్నారు. ఫారంలో గరిష్ఠ ఫ్రీక్వెన్సీ దగ్గర క్రిస్టల్ విలువ, 25, రాసి ఉంటారు.

చాలామంది తప్పేది ఇక్కడే. ఆ ప్రమాణం చూసేది ప్రొడక్ట్ లోపల ఎక్కడైనా పుట్టే అత్యధిక ఫ్రీక్వెన్సీని. చిప్ దాటి బయటికి రానిదైనా లెక్కే. మీ ప్రాసెసర్ నడిచేది 480 మెగాహెర్ట్జ్‌లో. కాబట్టి రాయాల్సింది 480.

కొలవాల్సిన పై హద్దు ఇలా మారుతుంది:
108 మెగాహెర్ట్జ్ లోపు: 1 గిగాహెర్ట్జ్
108–500: 2 గిగాహెర్ట్జ్
500–1000: 5 గిగాహెర్ట్జ్
ఆపైన: ఆ ఫ్రీక్వెన్సీకి ఐదు రెట్లు లేదా 6 గిగాహెర్ట్జ్, ఏది తక్కువైతే అది

ఇప్పుడు చేయాల్సింది:

1. ఫర్మ్‌వేర్‌లో పీఎల్ఎల్ (క్రిస్టల్ ఫ్రీక్వెన్సీని పెంచి ప్రాసెసర్‌కి ఇచ్చే సర్క్యూట్) సెట్టింగ్ చూసి, అసలు ఫ్రీక్వెన్సీతో ఫారం సరిచేయండి.

2. 480కి పై హద్దు 2 గిగాహెర్ట్జ్ కాబట్టి, డిజైన్ ముట్టుకోకుండానే పాత రిపోర్ట్ ఆగిన 1 నుంచి 2 గిగాహెర్ట్జ్ వరకు ప్రీ-స్కాన్ (అసలు టెస్ట్‌కి ముందు చేసే ట్రయల్ కొలత) చేయించండి. కేబుల్స్ అన్నీ తగిలించే చేయించాలి, అవి లేకుండా పాసైతే దానికి విలువ లేదు. కేబుల్స్‌తో పాసైతే రీడిజైన్ టెన్షన్ అక్కర్లేదు.

3. ముసాయిదా ఇంకా ప్రతిపాదనే, గడువులోపు అభిప్రాయం పంపండి. "ఖర్చు ఎక్కువ" అని మాత్రమే రాసి వదిలేయకండి. క్లాజు నంబరు చెప్పి, ఇప్పటికే తయారైన సరుకుకు ఎంత గడువు కావాలో, ఎందుకో స్పష్టంగా అడగండి.