మున్సిపల్ స్టేడియంలో మా ఫుట్‌బాల్ క్లబ్బులకు వేళలు దక్కాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఊరికంతా ఒకటే స్టేడియం, అది మున్సిపాలిటీది. ఫుట్‌బాల్ జట్లు నాలుగు. పొద్దున వాకర్లు, ఆదివారం క్రికెట్, మధ్యమధ్య ఎగ్జిబిషన్లు, సభలు. వాచ్‌మన్ ఒకరోజు గేటు తీస్తాడు, ఒకరోజు తీయడు. అర్జీ పెడితే "చూద్దాం" అన్నారు.

"మాకు గ్రౌండు ఇప్పించండి" అని రాసుంటారు, అందుకే "చూద్దాం" అన్నారు. ఆ వాక్యం కింద ఏ కమిషనరూ సంతకం పెట్టడు. ఏం ఇస్తున్నాడో అందులో లేదు కదా. "మంగళ, గురువారాల్లో సాయంత్రం 4.30 నుంచి 6.15 వరకు, ఉత్తరం వైపు సగం గ్రౌండు, జూన్ నుంచి మార్చి దాకా" అని రాస్తే పెట్టొచ్చు. కాబట్టి గంటలు అడగండి. గంటలు అడగాలంటే ముందు గంటల లెక్క మీ చేతిలో ఉండాలి.

ఒక నోటుబుక్కు తీసుకుని వరసగా 14 రోజులు, పొద్దున 5 నుంచి రాత్రి 8 దాకా అరగంటకో గడి గీయండి. గ్రౌండును నాలుగు ముక్కలుగా ఊహించుకుని, ఏ ముక్కలో ఎవరున్నారో, సుమారుగా ఎంతమందో రాయండి. నలుగురు కుర్రాళ్లు వంతులేసుకుంటే అయిపోయే పని. "గ్రౌండు ఖాళీ లేదు" అనే మాట ఈ పుస్తకం ముందు నిలవదు. పొద్దున వాకర్లంతా అంచునే తిరుగుతారు, నడిమధ్య ఖాళీ. వారం మధ్యలో మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదు దాకా దాదాపు ఎవరూ ఉండరు. మీరు అడగాల్సిన గడులు అవే. ఆదివారం పొద్దున జోలికి మొదటి ఏడాది పోకండి. అక్కడ క్రికెట్‌తో పెట్టుకుంటే మిగతా ఆరు రోజులూ పోతాయి.

స్టేడియం నిజంగా ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి. బోర్డు మీద మున్సిపాలిటీ పేరున్నా స్థలం జిల్లా పరిషత్ హైస్కూలుది కావచ్చు, నిర్వహణ క్రీడా ప్రాధికార సంస్థది కావచ్చు. తెలంగాణలో జిల్లా యువజన, క్రీడల అధికారిని, ఆంధ్రలో జిల్లా క్రీడాభివృద్ధి అధికారిని కలిసి అడిగితే ఒక్క పూటలో తెలుస్తుంది. తెలుసుకోకుండా అర్జీ పెడితే అది ఆ ఆఫీసు నుంచి ఈ ఆఫీసుకు తిరుగుతూ ఒక సీజన్ తినేస్తుంది.

నాలుగు జట్లూ నాలుగు అర్జీలు పెట్టడం పెద్ద తప్పు. ఒకరికిస్తే ముగ్గురు గొడవ చేస్తారని ఎవరికీ ఇవ్వరు. జట్టుకు ఇద్దరు చొప్పున ఎనిమిది మందితో ఒక కమిటీ వేసి, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించండి. కనీసం ఏడుగురు సభ్యులుండాలి, మీకు ఎనిమిది మంది ఉన్నారు. జట్ల మధ్య వంతులు మీలో మీరే తేల్చుకుని, తయారైన టైంటేబుల్‌తోనే ఆఫీసుకు వెళ్లండి. వంతులు తేల్చే పని ఆఫీసు మీద వేస్తే అది ఎప్పటికీ తేలదు.

అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. చాలామంది మొదటి పేరాలో ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ గురించి, 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం గురించి, హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలవడం గురించి రాస్తారు. చదవడానికి నాకూ ఇష్టమే. కానీ కమిషనర్ గారు చూసేది రోజులు, వేళలు, పిల్లల సంఖ్య, బాధ్యుడి ఫోన్ నంబరు. టైంటేబుల్, నోటుబుక్కు లెక్క, గ్రౌండు స్కెచ్ జత చేసి ఇన్‌వర్డ్ నంబరు, అంటే అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబరు, వేయించుకోండి. ఆ నంబరు లేని అర్జీ ఇచ్చినట్టు కాదు. నెల దాటినా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో అదే నంబరుతో మళ్లీ ఇవ్వండి. సమాచార హక్కు దరఖాస్తు, అంటే గత మూడేళ్లలో స్టేడియం ఎవరెవరికి, ఎన్ని రోజులు, ఎంత రుసుముకు, ఎంత డిపాజిట్‌తో ఇచ్చారు అనేది, రెండోసారి కలిసిన తర్వాతే వేయండి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. మొదటే వేస్తే తగాదాకు వచ్చారనుకుంటారు.

"లీజు" అన్న మాట నోట రానీయకండి. లీజు అంటే కౌన్సిల్ తీర్మానం, ఆపైన వేలంపాట. డబ్బున్నవాడు పాడుకుపోతాడు. మీకు కావలసింది ఏడాదికోసారి రెన్యూవల్ అయ్యే వినియోగ అనుమతి. అందులో రోజులు, వేళలతో పాటు ఈ నాలుగూ ఉండాలి: రసీదు ఇచ్చే రుసుము; వేళ రద్దు చేస్తే 7 రోజుల ముందు కబురు, బదులుగా అదే వారంలో మరో వేళ; సామాన్ల గదికీ మరుగుదొడ్డికీ తాళంచెవి ఒకటేసి మీ దగ్గర; గ్రౌండు పాడైతే బాగుచేసేదెవరు. మరుగుదొడ్డి తాళంచెవిని చిన్న విషయం అనుకుంటారు. అమ్మాయిల జట్టు ఉన్నచోట అది లేకపోతే రెండు నెలల్లో జట్టే ఉండదు. అమ్మాయిలకు వెలుగుండగా ముగిసే వేళ కేటాయించండి. ఎన్నికల సామగ్రి పంపిణీకో, కౌంటింగ్‌కో స్టేడియం తీసుకుంటే మాత్రం ఏ షరతూ పనిచేయదు.

అథ్లెటిక్స్ వాళ్లు "ట్రాక్ లోపల ఫుట్‌బాల్ పట్టదు" అంటారు. పడుతుంది. ప్రామాణిక 400 మీటర్ల ట్రాక్ లోపలి వెడల్పు 73 మీటర్లు, రెండు చివరలా 36.5 మీటర్ల వ్యాసార్ధంతో వంపు తిరుగుతుంది. లోపల 105×68 మీటర్ల ఫుట్‌బాల్ మైదానం గీస్తే మూల జెండాకూ ట్రాక్ అంచుకూ మధ్య మీటరే మిగులుతుంది, కార్నర్ కిక్‌కు వచ్చేవాడు ట్రాక్ మీద నుంచి పరుగెత్తాలి. బూటు అడుగున ఉండే స్టడ్లు సింథటిక్ ట్రాక్‌ను చీలుస్తాయని వాళ్లు గొడవ పడేది దీనికే, అందులో న్యాయం ఉంది. 100×64 గీయండి. మూలల దగ్గర మూడున్నర మీటర్లు వస్తుంది, నిబంధనల్లోనే ఉంటారు.

ఇక ఎగ్జిబిషన్లు. వాటిని ఆపలేరు, మున్సిపాలిటీకి డబ్బు వాటి నుంచే వస్తుంది. ఆపమని అడక్కుండా, నిర్వాహకుల దగ్గర బాగుచేత డిపాజిట్ పట్టమనండి. అది తిరిగిచ్చే ముందు మీ కమిటీ గ్రౌండు చూసి సంతకం పెట్టాలనండి. షామియానా గుంజల గుంతల్ని ఊరికే మట్టి పోసి తొక్కి వదిలేస్తారు. మొదటి వానకు ఆ మట్టి కుంగి గిన్నెలా అవుతుంది, పైన గడ్డి కప్పేసి కనిపించదు, అక్కడే చీలమండ మెలిపడుతుంది. గుంతలో నాలుగేసి అంగుళాల మట్టి పోస్తూ, ప్రతి పొరకూ నీళ్లు చిలకరించి దిమ్మిసతో కొట్టాలి. చివరి పొర నేల కంటే అంగుళం ఎత్తుగా వదలాలి. నల్లరేగడి వాడొద్దు, ఎండకు పగులుతుంది. మొరం కలిపిన ఎర్రమట్టి మేలు.

ఎగ్జిబిషన్ల తర్వాత గ్రౌండులో మిగిలే మేకులకు ఒక ఉపాయం. పాత ఇనుము కొట్లో చెడిపోయిన లౌడ్‌స్పీకర్ల అయస్కాంతాలు అయిదారు కొని, నాలుగడుగుల చెక్క అడుగున బిగించి, రెండు చివర్లా చిన్న చక్రాలు పెట్టండి. చెక్క నేలకు అంగుళం ఎత్తులో ఉండేలా తాడు కట్టి లాగండి. మేకులు, తీగముక్కలు, పిన్నులు గలగలా అంటుకుంటాయి. గాజుపెంకులు దీనికి దొరకవు. దానికి పదిహేను మంది చేతులు చాచినంత దూరంలో వరసగా నిలబడి, నేల చూస్తూ ఒకసారి నిలువునా, ఒకసారి అడ్డంగా నడవాలి. దీపావళి టపాకాయల దుకాణాల తర్వాత రెండూ చేయందే పిల్లల్ని దింపొద్దు.

గోల్‌పోస్టుల విషయంలో తొందర పడకండి. ప్రాణాలు తీసేవి అవే. నిలబెట్టి వదిలేసిన పోస్టు బార్‌కు పిల్లలు వేలాడితే అది ముందుకు పడుతుంది. కదిలే పోస్టులైతే వెనక కమ్మీని భూమిలోకి మేకులతో దిగ్గొట్టాలి, పైన ఇసుక బస్తాలు వేయాలి, వాడనప్పుడు రెండింటినీ ఎదురెదురుగా చేర్చి గొలుసు కట్టాలి. క్రికెట్‌తో పంచుకునే గ్రౌండులో తీసిపెట్టే పోస్టులే నయం. రెండున్నర అడుగుల లోతున కాంక్రీటులో తొడుగు పైపు పాతి, దాని అడుగున కాస్త కంకర వేస్తే నీళ్లు నిలవవు. పోస్టు తీశాక తొడుగుకు మూత తప్పనిసరి. 4 అంగుళాల జీఐ పైపు బయటి కొలత 114 మిల్లీమీటర్లు, నిబంధన ఒప్పుకునేది 120, సరిపోతుంది. కానీ పైపు వచ్చేది 6 మీటర్ల పొడవులో, బార్‌కు కావలసింది 7.32. వెల్డర్ రెండు సమాన ముక్కలు కలిపి అతుకు సరిగ్గా మధ్యలో వేస్తాడు. బార్ వంగేది అక్కడే. 6 మీటర్ల పైపును అలాగే ఉంచి మిగతా ముక్కను ఒక చివర కలపమనండి, అతుకు లోపల అడుగు పొడవు చిన్న పైపు తొడిగించండి.

వాకర్స్ అసోసియేషన్‌ను తేలిగ్గా తీసుకోకండి. ఓట్లు, ఫోన్లు, పత్రికల్లో పరిచయాలు అన్నీ వాళ్లకే ఉన్నాయి. ఒక్క బంతి ఒక పెద్దాయన వీపుకు తగిలితే మీ అనుమతి అక్కడితో ఆఖరు. రెండు గోల్‌పోస్టుల వెనకా అయిదారు మీటర్ల ఎత్తు వల కట్టండి. పొద్దున ఏడు లోపు ఆడాల్సి వస్తే షూటింగ్ వద్దు, పాసింగే చేయించండి.

వాన పడిన రోజు ఆడాలా వద్దా అన్నది వాచ్‌మన్‌కు వదలకండి, ఆడిస్తే గ్రౌండు పోతుంది, ఆపితే తగాదా. గోల్ ముందుండే పెనాల్టీ ఏరియాలో మూడు చోట్ల మడమతో గట్టిగా నొక్కండి. బూటు చుట్టూ నీళ్లు ఊరితే ఆ రోజు ఆట లేదు. ఈ పరీక్ష ఎవరు చేస్తారో, ఎన్ని గంటలకు చేస్తారో అనుమతి పత్రంలోనే రాయించి, ఆ పత్రం నకలు ఒకటి లామినేట్ చేయించి వాచ్‌మన్ గదిలో గోడకు కొట్టించండి. రాత్రి డ్యూటీకి వేరే మనిషి వచ్చినా గేటు తెరుచుకోవాలి కదా.