పాత టేకు తలుపులకు అల్మారా చేయించేటప్పుడు వాటిని కోయనివ్వవచ్చా?

కూల్చిన ఇంటి నుంచి తెచ్చుకున్న టేకు తలుపుల జతతో అల్మారా చేయించుకోవాలనుకుంటున్నారని, గోడ దగ్గర మూడున్నర అడుగుల చోటే ఉన్నందున రెక్కలను పక్కల నుంచి అంగుళం చొప్పున కోసి సరిపెడతానని వడ్రంగి అంటున్నాడని, అందుకు ఒప్పుకోవచ్చా అని మీరు అడిగారు. ఒప్పుకోకండి. హైదరాబాద్ మలక్‌పేటలోని మా పెద్దనాన్నగారి ఇంటిని అపార్ట్‌మెంటు కట్టడానికి ఇచ్చినప్పుడు మా వాటాకు రెండు జతల తలుపులు వచ్చాయి. మొదటి జతను మీ వడ్రంగి చెబుతున్నట్టే కోయించాను. రెండవ జతను ముట్టుకోకుండా, దాని కొలతలకే అల్మారా కట్టించాను. ఇప్పుడు రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి తేడా రోజూ కంటబడుతూనే ఉంటుంది.

పాత పలకల తలుపును చూడండి. అడ్డ చెక్క చివర సన్నగా చెక్కిన కుసి, నిలువు చెక్కకు తొలిచిన బెజ్జంలో దూరి, అవతలి అంచు వరకూ వస్తుంది. అక్కడ దాని చివరను చీల్చి చిన్న కొయ్య చీలికలు కొడతారు కాబట్టి కుసి చివర వెడల్పై బెజ్జంలోంచి వెనక్కి జారకుండా నిలుస్తుంది. అంటే తలుపు పట్టంతా మీరు కోయబోతున్న ఆ బయటి అంగుళంలోనే ఉంది. నా మొదటి జతలో ఆ అంగుళం పోయిన ఏడాదిన్నరకే ఒక రెక్క కింది మూల అతుకు విడి, రెక్క ముందుకు వాలి నేలను రాయడం మొదలుపెట్టింది. ఫెవికాల్ పూసి బిగించినా నిలవలేదు. చివరకు మూలకు ఇనుప పట్టీ వేయించవలసి వచ్చింది, అది చూడడానికి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. నగరంలో వడ్రంగం పని చేసేవారిలో చాలామంది హిందీ మాట్లాడేవారు, రెక్కను పల్లా అంటారు. ‘పల్లా కాట్నా నహీ’ (రెక్కను కోయవద్దు) అని పని మొదలుకాక ముందే ఒకటికి రెండుసార్లు చెప్పండి.

చోటు నిజంగా చాలకపోతే మరో గోడ చూసుకోవడం మేలు. అదీ కుదరకపోతే ఒక్క రెక్కనే వాడి, పక్కన మిగిలిన జాగాలో తలుపు లేని అరలు పెట్టించుకోవచ్చు. రెండవ రెక్కను దాచుకుంటే తరువాతైనా పనికివస్తుంది, కోసిన రెక్క మళ్ళీ పెరగదు.

కొలతలు తీసుకునే ముందే పాత రంగు తీయించాలి, ఎందుకంటే పొరలు పొరలుగా పేరుకున్న రంగు అంచుల దగ్గర ఒక మిల్లీమీటరు వరకూ కొలతను మార్చేస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలకు, పరిమితం చేసిన నియమాలు మన దేశంలో 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమలయ్యాయి కాబట్టి, అంతకు పూర్వపు తలుపుల మీది రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువని అనుకునే పని చేయించాలి. ఉప్పు కాగితంతో పొడిగా గీకించవద్దు, మంటతో కాల్చి ఊడదీయించవద్దు. రంగు తీసే ద్రావణం పూసి, మెత్తబడ్డాక గీకి, మిగిలిన దాన్ని నీటితో తడిపి రుద్దించండి. పనివారికి మంచి మాస్కులు ఇవ్వండి, పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకండి. రంగు పోయాక కనిపించే చిన్న పురుగు రంధ్రాల నుంచి కొత్త పొడి రాలుతోందేమో తెలుసుకోవడానికి తలుపు కింద నల్ల కాగితం పరిచి రెండు వారాలు గమనించాను. టేకు చేవకు చెద తేలికగా పట్టదు గానీ, అంచుల్లో పాలిపోయినట్టు కనిపించే మెత్తని చెక్కకు పురుగు పడుతుంది.

ఇక కొలతలు. పాత తలుపు ఏదీ చక్కని చదరంగా ఉండదు. వెడల్పును పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలిచి, మూల నుంచి మూలకు కర్ణాలు కూడా కొలవాలి. మా రెక్కల్లో ఒకదానికి రెండు కర్ణాల మధ్య తొమ్మిది మిల్లీమీటర్ల తేడా వచ్చింది. అప్పుడు వడ్రంగి తలుపుకు చిత్రిక పట్టబోతాడు. ఆపండి. ఎక్కువ వచ్చిన కొలతకు తగ్గట్టు ముందువైపు చట్రాన్ని నిక్కచ్చిగా మూలమట్టంతో కట్టించి, ఎక్కడ ఖాళీ వస్తే అక్కడ చట్రానికే, ఒక చివర పలుచగా దిగిపోయే టేకు పట్టీ అతికిస్తే ఆ వంకర ఎవరికీ కనిపించదు. సందుల విషయంలో నా మొదటి అల్మారా మరో పాఠం చెప్పింది. మే నెలలో, ఎండకు చెక్క బాగా ఆరి ఉన్నప్పుడు, సందులు సన్నగా ఉంటేనే అందమని ఒక్కొక్కటి మిల్లీమీటరు మాత్రమే వదిలించాను. జూలై వానలకు రెండు రెక్కలూ పట్టేసి, తెరవడానికి కాలు అడ్డం పెట్టి లాగవలసి వచ్చేది. రెక్కకు రెండు నిలువు చెక్కలు, ఒక్కొక్కటి నాలుగు అంగుళాలు అనుకుంటే, జతకంతటికీ కలిపి కాలాన్ని బట్టి మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా టేకులో సహజమే. వేసవిలో చేయిస్తే రెండు పక్కలా, నడుమా మూడేసి మిల్లీమీటర్లు వదలండి. నడుమ పలకలు గాడిలో వదులుగా ఉండడం కూడా లోపం కాదు, వాటిని జిగురుతో బిగిస్తే పలక చీలుతుంది.

అన్నిటికంటే ఎక్కువ తప్పు జరిగేది బరువు దగ్గర. ఆరున్నర అడుగుల ఎత్తు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అంగుళంపావు మందం ఉన్న టేకు రెక్క సుమారు 15 నుంచి 18 కిలోలు తూగుతుంది. ప్లైవుడ్ తలుపులకు వేసే దాగుడు బందులు దీనికి తగవు. రెక్కకు నాలుగేసి, నాలుగు అంగుళాల ఇత్తడి బందులు రాణీగంజ్‌లో తెచ్చి, వాటిని ప్లైవుడ్‌కు కాకుండా అంగుళంపావు మందం గల టేకు చట్రానికే బిగించాము. లోపలి పెట్టెకు 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడాము, బాత్‌రూము గోడకు ఆనుకుని ఉంటుందని తేమను తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు వేసే ఐఎస్ 710 గుర్తు ఉన్నదే తీసుకున్నాము. చట్రానికి కొత్త టేకు కొంటే రంగు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి, బోయిగూడ టింబరు డిపోల వైపు వెళ్ళి పాత దూలాల ముక్కలు వెతికి, మేకులన్నీ పీకించాకే కోత మిల్లుకు ఇచ్చాను. రెండు రెక్కలూ ఒకేసారి తెరిస్తే 30 కిలోలకు పైగా బరువు ముందుకు వస్తుంది. పుస్తకాల కోసం పన్నెండు అంగుళాల లోతుతో చేయించుకుంటే ఖాళీ అల్మారా ముందుకు పడిపోగలదు. లోతు ఎంత ఉన్నా సరే, పై అంచు దగ్గర రెండు చోట్ల యాంకర్ బోల్టులతో గోడకు బిగించే వరకూ తలుపులు ఎక్కించనివ్వకండి.

జత తలుపుల్లో ఒక రెక్క మరొకదాని మీదికి వచ్చే అంచుతో ఉంటుంది. ఆ అంచు వెనక ఉండే రెక్కకు లోపలి వైపు పైనా కిందా గడియలు పెట్టించకపోతే అల్మారా గట్టిగా మూసుకోదు. బయటి గొలుసు గొళ్ళేన్ని మాత్రం తీయించకుండా, చింతపండుతో తోమించి అలాగే ఉంచాను.

స్పిరిట్ పాలిష్‌ను వానాకాలంలో వేయిస్తే గాలిలోని తేమకు పైపొర తెల్లగా మసకబారుతుంది. తలుపులు మీ చేతికి ఇప్పటికే వచ్చాయి కాబట్టి రంగు తీయడం, అతుకుల మరమ్మతు ఇప్పుడు చేయించి, పాలిష్‌ను దసరా దాటాక పెట్టుకోండి.