12 లక్షలు పెంచాలా, 12 లక్షలకు పెంచాలా?

సందేహం: మా సంస్థ నెల రాబడి ఇప్పుడు 10 లక్షలు. మార్కెటింగ్ ప్లాన్‌లో ‘క్యాంపెయిన్ ద్వారా మార్చి వరకు నెల రాబడిని 12 లక్షలు పెంచాలి’ అని రాశాను. మా మేనేజర్‌గారు ‘12 లక్షలకు’ అని దిద్దారు. ఎలా అన్నా అర్థమవుతుంది కదా, అంత పట్టింపు అవసరమా?

సమాధానం: అవసరమే. నిజానికి ఆ వాక్యంలో దిద్దాల్సినవి ఇంకా ఉన్నాయి.

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఇప్పటి రాబడి ఎంతో ఇద్దరికీ తెలుసు కాబట్టి ‘కు’ జారిపోయినా నడిచిపోతుంది. కాగితం మీద ఆ వెసులుబాటు లేదు. ‘12 లక్షలు పెంచాలి’ అంటే ఉన్నదానికి మరో 12 లక్షలు కలిపి 22 లక్షలు చేయాలని. ‘12 లక్షలకు పెంచాలి’ అంటే చేరాల్సింది 12 లక్షలకు, పెరగాల్సింది 2 లక్షలే.

రాబడి టార్గెట్ నుంచి క్యాంపెయిన్ లక్ష్యాన్ని వెనక్కి లెక్కగట్టేది ఈ అంకెతోనే. సగటు ఆర్డరు 2,000 అనుకోండి, వంద ఎంక్వైరీల్లో ఐదు ఆర్డర్లవుతున్నాయి అనుకోండి. అదనంగా 2 లక్షలు రావాలంటే 100 ఆర్డర్లు, అంటే 2,000 ఎంక్వైరీలు కావాలి. అదనంగా కావలసింది 12 లక్షలైతే 600 ఆర్డర్లు, 12,000 ఎంక్వైరీలు. ఒక్కో ఎంక్వైరీకి అయ్యే ఖర్చు మారకపోయినా బడ్జెట్ ఆరింతలవుతుంది. ఆ టెన్షన్ పడేది మీరే, వ్యాకరణం కాదు.

శాతాల దగ్గర చిక్కు ఇంకా ముదురుతుంది. ఎంక్వైరీల్లో 5 శాతం ఆర్డర్లవుతున్నప్పుడు ‘దీన్ని ఒక శాతం పెంచాలి’ అని రాస్తే, 6 శాతం చేయమనా? 5లో ఒక శాతం కలిపి 5.05 చేయమనా? ఇక్కడ ‘కు’ ప్రత్యయం ఒక్కటే గట్టెక్కించదు. ‘5 శాతం నుంచి 6 శాతానికి’ అని రెండు కొసలూ రాయాలి. ‘రెండు రెట్లు పెంచాలి’ అన్నదీ ఇలాంటి తంటాయే, చేయాల్సింది రెండింతలా, ఉన్నదానికి మరో రెండింతలు కలిపి మూడింతలా అన్నది తేలదు. ‘రెట్టింపు చేయాలి’ అంటే పేచీ ఉండదు.

‘మార్చి వరకు’ అన్నది కూడా కుదరలేదు. ‘వరకు’ అంటే పని అప్పటిదాకా సాగుతూ ఉండడం. క్యాంపెయిన్ మార్చి 31 వరకు నడవవచ్చు, లక్ష్యాన్ని మాత్రం మార్చి 31 కల్లా చేరాలి. అసలు ‘మార్చి నెల రాబడి 12 లక్షలకు చేరాలి’ అంటే ఏ నెల లెక్క చూడాలో కూడా తేలిపోతుంది.

మీరు అడగలేదు గానీ, నా అసలు అభ్యంతరం ‘ద్వారా’ మీద. ‘క్యాంపెయిన్ ద్వారా వచ్చిన రాబడి’ అంటే కొన్నవాళ్లు ఆ దారిన వచ్చారని మాత్రమే. ప్రకటన చూడకపోయినా వాళ్లలో కొందరు కొనేవాళ్లేమో! ‘క్యాంపెయిన్ వల్ల పెరిగిన రాబడి’ అంటే అది లేకపోతే ఆ సొమ్ము వచ్చేది కాదని. ‘వల్ల’ కారణం చెబుతుంది, దాన్ని రుజువు చేయాల్సింది రాసినవాళ్లే. ప్రకటన చూపినవాళ్ల కొనుగోళ్లనూ, అలాంటివాళ్లే అయినా చూపనివాళ్ల కొనుగోళ్లనూ పోల్చి చూస్తే తప్ప ఆ మాట అనలేం. ‘పెంచాలి’ అని లక్ష్యం పెట్టుకున్నారంటే మీరు తలకెత్తుకున్నది ‘వల్ల’నే. ఆ పోలిక ఎలా చేస్తారో ప్లాన్‌లోనే ఒక వాక్యం చేర్చండి. అది కుదరకపోతే రిపోర్టులో ‘ద్వారా వచ్చిన’ దగ్గరే ఆగండి.