ఉద్యోగ హామీ కోర్సుకు లక్షన్నర కట్టాలా?

ప్రశ్న: మాది తాడిపత్రి. మా ఆయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు, నేను ఇంట్లో కుట్టుపని చేస్తాను. ఇద్దరికీ కలిపి నెలకు 24,000 రూపాయల దాకా వస్తుంది. అబ్బాయి ఈ ఏడాది ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. బెంగళూరులోని ఒక సంస్థ ఎలక్ట్రిక్ వాహనాల డిజైన్ కోర్సుకు ఆరు నెలలకు 1,50,000 అడుగుతోంది. చేరేటప్పుడు 60,000 కట్టాలి, మిగతాది వడ్డీ లేకుండా నెలకు 10,000 చొప్పున తొమ్మిది వాయిదాలు. వందశాతం ఉద్యోగ హామీ అంటున్నారు. సీటు కోసం విడిగా 5,000 ఇప్పటికే కట్టాం. నేను 40 నెలల రెండు లక్షల చీటీని పదిహేనో నెలలో పాడుకుంటే 1,60,000 చేతికొచ్చింది. పోస్టాఫీసులో 50,000 ఉంది. చేర్పించమంటారా? కరపత్రం ఫోటో పంపుతున్నాను.
– ఒక తల్లి, తాడిపత్రి

జవాబు: అమ్మా, ఇప్పుడే చేర్పించకండి. చదువు మీద ఖర్చు వద్దని నేను అనను. ఈ చదువుకు, ఈ డబ్బుతో, ఈ నెలలో వద్దంటున్నాను.

ముందు చీటీ సంగతి. చేతికొచ్చిన 1,60,000లో సగానికి దగ్గరగా మీరు ఇంతవరకు కట్టిన సొమ్మే. మిగతాది అప్పు. పాట అయిపోయింది కదా అని అది మన డబ్బు అనిపిస్తుంది కానీ, ఇంకా 25 వాయిదాలు మిగిలే ఉన్నాయి. ఇప్పుడు కోర్సు లెక్క చూడండి. ఫీజు 1,50,000. బెంగళూరులో గదికి, తిండికి పొదుపుగా వేసుకున్నా నెలకు 10,000 చొప్పున 60,000. మొత్తం 2,10,000. మీ చీటీ సొమ్ము, పోస్టాఫీసు సొమ్ము కలిపితే సరిగ్గా అంతే. అంటే తొమ్మిది నెలలు తిరిగేసరికి రెండూ ఊడ్చుకుపోతాయి, చీటీ మాత్రం ఇంకా 16 నెలలు కట్టాలి. ఆ మధ్యలో ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మళ్లీ నగలు తాకట్టుకే వెళ్తాయి.

ఆ ఆరు నెలలు అబ్బాయి ఏమీ సంపాదించడు కాబట్టి దాన్నీ కలపాలి. అప్రెంటిస్‌గా చేరితే నెలకు కనీసం 8,000 చొప్పున వచ్చే 48,000 పోయినట్టే. అలా అసలు ఖర్చు 2,58,000 అయింది. ఈ కోర్సు వల్ల జీతం నెలకు 4,000 పెరిగిందే అనుకుందాం. పెట్టింది తిరిగి రావడానికి ఐదేళ్లు దాటుతుంది. పెరగకపోతే చెప్పేదేముంది!

మీరు పంపిన కరపత్రం చదివాను. ముందు వైపు ఎర్రటి పెద్ద అక్షరాల్లో ‘వందశాతం ఉద్యోగ హామీ’ అని ఉంది. వెనకవైపు, చిరునామా కింద, భూతద్దం పెట్టుకుంటే తప్ప కనిపించని వరుసలో ‘అర్హత గల అభ్యర్థులకు ఇంటర్వ్యూ అవకాశాలు కల్పించబడును’ అని ఉంది. ఈ రెండు వాక్యాల్లో మీరు సంతకం పెట్టే కాగితం మీద ఉండబోయేది రెండోదే. ఇక ‘వడ్డీ లేని వాయిదాలు’ అంటే చాలా సందర్భాల్లో ఆ సంస్థ మీకు గడువివ్వడం కాదు. ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరునో మీ అబ్బాయి పేరునో అప్పు రాసుకుని, ఆ మొత్తం సంస్థకు ముందే ఇచ్చేస్తుంది. రేపు ఆ సంస్థ తలుపులు మూసినా, అబ్బాయి మధ్యలో మానేసినా, వాయిదాలు ఆగవు. కట్టకపోతే అప్పు ఎవరి పేరున ఉందో వాళ్ల సిబిల్ రికార్డు, అంటే అప్పులు సరిగ్గా కడుతున్నారా లేదా అని చూపే చిట్టా, చెడుతుంది. అప్పు ఎవరు ఇస్తున్నారో, ఎవరి పేరున ఇస్తున్నారో రాసి ఇమ్మని అడగండి.

నేను ఏ శిక్షణనైనా ఒకే ప్రశ్నతో తూకం వేస్తాను. ఇందులో ఉద్యోగం ఇచ్చేవాడు ఏం పెట్టాడు? ఒక కంపెనీకి నిజంగా మనుషులు కావాలంటే అది ఏదో ఒకటి పెడుతుంది. యంత్రం ఇస్తుంది, మనిషిని పంపి పాఠం చెప్పిస్తుంది, నేర్చుకునే రోజుల్లో స్టైపెండ్ ఇస్తుంది. విద్యార్థి తప్ప ఇంకెవరూ రూపాయి పెట్టని కోర్సులో నష్టమంతా విద్యార్థిదే.

ఇది ఎలా జరగాలో అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలను చూస్తే అర్థమవుతుంది. అవి ఇంటికి దగ్గరగా, తక్కువ ఫీజుతో రెండేళ్ల చదువు చెప్పే కాలేజీలు. వృత్తి కోర్సులకు స్థానిక పరిశ్రమల వాళ్లతో సలహా సంఘాలు ఉంటాయి. ఏ యంత్రం మీద నేర్పాలి, ఏ పాఠం పాతబడింది, రాబోయే రోజుల్లో ఎంతమంది కావాలి అన్నది వాళ్లు చెబుతారు. వృత్తివిద్యకు కేంద్ర నిధులు కావాలంటే స్థానిక అవసరాలను రెండేళ్లకోసారి లెక్కగట్టి చూపాలని 2018లో చట్టమే చేశారు. అక్కడా కాగితాలకే పరిమితమైన సంఘాలు లేకపోలేదు.

బాగా నడిచిన ఉదాహరణ ఒకటి కెంటకీ రాష్ట్రంలో ఉంది. జార్జ్‌టౌన్‌లోని టయోటా కార్ల కర్మాగారం యంత్రాల మరమ్మతు తెలిసిన మనుషుల కోసం 2010లో బ్లూగ్రాస్ కమ్యూనిటీ అండ్ టెక్నికల్ కాలేజీతో కలిసి ఒక కోర్సు పెట్టింది. వారంలో రెండు రోజులు తరగతి, మూడు రోజులు జీతంతో కర్మాగారంలో పని. తర్వాత ఇతర కంపెనీలూ చేరాయి, ఫేమ్ అన్న పేరుతో వేరే రాష్ట్రాలకూ అది వ్యాపించింది. ఆ కంపెనీ నేర్పించింది కారు డిజైన్ కాదని మీ అబ్బాయికి చెప్పండి. కరెంటు, హైడ్రాలిక్స్, పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్), వెల్డింగ్ అన్నీ తెలిసి, ఆగిన యంత్రాన్ని మళ్లీ తిప్పగలిగే పని నేర్పించింది.

మన చుట్టూ కూడా గిరాకీ దానికే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా కర్మాగారం ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కట్టినది. చుట్టూ విడిభాగాల కంపెనీలు వెలిశాయి. అక్కడ బాడీ వెల్డింగ్ రోబోలు చేస్తాయి, ఆగిన రోబోను బాగుచేయడానికి మనిషి కావాలి. మీ తాడిపత్రి చుట్టుపక్కల, అటు ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు తిరుగుతాయి. బట్టీ ఒక పూట ఆగినా యాజమాన్యానికి పెద్ద నష్టం. ముద్దనూరు దగ్గర 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. సౌర విద్యుత్తు గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. కర్నూలు వైపు గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు ఉన్న మాట నిజమే. కానీ కట్టేటప్పుడు వందల చేతులు కావాలి, కట్టాక పలకలు తుడిచేవాళ్లు, ఇన్వర్టర్లు చూసేవాళ్లు కొద్దిమంది చాలు. ఆ తేడా చెప్పకుండా కోర్సులు అమ్మేవాళ్లున్నారు, జాగ్రత్త. మెయింటెనెన్స్ నేర్చిన కుర్రాడికి కార్ల దగ్గర గిరాకీ తగ్గినా సిమెంటులో పని దొరుకుతుంది. ఒక్క కంపెనీనే నమ్ముకుని నేర్చుకున్నవాడికి ఆ వెసులుబాటు ఉండదు.

కాబట్టి ముందు అప్రెంటిస్‌షిప్. డిప్లొమా వాళ్లకు కేంద్ర ప్రభుత్వ నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్ ఉంది. అందులో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. ఏడాది శిక్షణ. 2019లో సవరించిన నిబంధనల్లో డిప్లొమా వాళ్లకు కనీస స్టైపెండ్ నెలకు 8,000గా పెట్టారు, అందులో సగం కేంద్రం భరిస్తుంది. అవే నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే, సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం వరకు. అందుకని మీ అబ్బాయి ఫ్యాక్టరీ గేటు దగ్గర మొహమాటపడాల్సిన పని లేదు. పాలిటెక్నిక్‌లో ప్లేస్‌మెంట్ చూసే అధ్యాపకుడిని కలిసి, గత రెండేళ్లలో మెకానికల్ వాళ్లను ఏ కంపెనీలు తీసుకున్నాయో పేర్లు రాయించుకోమనండి. ఆ జాబితా బెంగళూరు కరపత్రం కంటే విలువైనది. ఏడాది తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం కంపెనీని కట్టడి చేయదు, అది ముందే తెలుసుకోండి. అయినా చేతిలో ఏడాది అనుభవం ఉంటుంది, అదీ ఎదురు డబ్బు ఇచ్చి నేర్పిన అనుభవం.

మరి ఆ సంస్థను పూర్తిగా కొట్టిపారేయాలా? ఒక అవకాశం ఇవ్వండి. కిందటి బ్యాచ్‌లో చేరిన డిప్లొమా విద్యార్థుల్లో ఎవరికి ఏ కంపెనీలో ఉద్యోగం వచ్చిందో, వాళ్లతో ఫోనులో మాట్లాడించగలరా అని అడగండి. ఇంజినీరింగ్ చదివిన వాళ్ల గురించి చెబితే లెక్కలోకి తీసుకోకండి, డిజైన్ విభాగాల్లో ముందు వాళ్లనే చూస్తారు. బ్యాంకు నైపుణ్య రుణం ఈ కోర్సుకు వస్తుందా అనీ అడగండి. 2024లో సవరించిన కేంద్ర పథకంలో హామీ లేకుండా 7,50,000 వరకు ఇస్తారు, అయితే కోర్సు గుర్తింపు పొందినదై ఉండాలి. బ్యాంకు ఇవ్వనిది ఫైనాన్స్ కంపెనీ పరుగెత్తుకొచ్చి ఇస్తోందంటే అనుమానించాల్సిందే.

డబ్బు ఇలా సర్దుకోండి. పోస్టాఫీసు 50,000 ముట్టుకోవద్దు, అది మీ ఇంటి ఆపద సొమ్ము. చీటీ సొమ్ములో లక్ష రూపాయలు బ్యాంకులో ఏడాది డిపాజిట్ వేయండి. 40,000 అబ్బాయి రెండో మెట్టు శిక్షణకు పక్కన పెట్టండి. అప్రెంటిస్‌గా కుదురుకున్నాక పీఎల్‌సీ, ఆటోమేషన్ లాంటి చిన్న కోర్సు చేస్తే దానికి విలువ. హైదరాబాద్ బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఐటీడీ ఇలాంటివి నడుపుతుంది, ముందు అక్కడ విచారించండి. మిగిలిన 20,000 బస్సు పాసుకు, బూట్లకు, మొదటి నెల ఖర్చులకు. స్టైపెండ్ మొదలయ్యాక అందులో 5,000 చీటీకి కేటాయించమని అబ్బాయికే అప్పజెప్పండి. మీ ఇద్దరి సంపాదన మీద ఒత్తిడి తగ్గుతుంది.

సీటుకు కట్టిన 5,000 తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడిగి, రసీదు నకలు దగ్గర పెట్టుకోండి. ఇవ్వకపోతే వదిలేయండి, ఐదు వేలు పోతాయని రెండు లక్షలు పెట్టకండి. డిప్లొమా ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరడిగినా ఇవ్వవద్దు, జిరాక్సులు చాలు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ వారమే వెళ్లి తెచ్చుకోండి, ఫ్యాక్టరీలో చేరేటప్పుడు అవి చూపించాల్సి వస్తుంది.