వాసన రాకపోతే సెంటు పెంచకండి

గోదావరి జిల్లాల నుంచి కొవ్వొత్తుల మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఆత్రేయపురం పూతరేకులు, నరసాపురం లేసుల పక్కన ఇప్పుడు ఇళ్ళల్లో గాజు జార్ల సోయా కొవ్వొత్తులు కూడా చేరినట్టున్నాయి. మంచిదే. ఈసారి శీర్షికంతా వాటికే.

ప్రశ్న: సోయా మైనంతో గాజు జార్లలో మల్లె, గంధం వాసనల కొవ్వొత్తులు చేస్తున్నాను. మొదట 100 గ్రాముల మైనానికి 10 మి.లీ. ఫ్రాగ్రెన్స్ ఆయిల్ కలిపాను. మర్నాడు వెలిగిస్తే వాసనే లేదు. 15 మి.లీ. చేశాను. ఇప్పుడు పైన నూనె చుక్కలు తేలుతున్నాయి, వత్తి మాటిమాటికీ కొండెక్కుతోంది, వాసన మాత్రం అంతంతే. ఇంకా పెంచనా? లేక నాకు నాసిరకం ఆయిల్ అంటగట్టారా?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: పెంచొద్దండీ, తగ్గించండి. సోయా మైనం ఎంత సెంటు పట్టుకోగలదో దానికో హద్దు ఉంటుంది. చాలా రకాలకు అది మైనం బరువులో 10 శాతం, కొన్నిటికి 12 దాకా. మీరు కొన్న మైనానికి ఎంతో అమ్మినవాళ్ళనే అడగండి, చెప్పలేకపోతే ఇంకోచోట కొనుక్కోండి. ఆ హద్దు దాటి పోసింది మైనంలో ఇమడక బయటికి కక్కేస్తుంది, మీకు కనిపిస్తున్న చుక్కలు అవే. ఆ నూనె వత్తిలోకి ఎక్కి దాన్ని మూసేస్తుంది, మంట చిన్నదైపోతుంది, మైనం సరిగ్గా కరగదు, కరగని మైనం నుంచి వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? అందుకే ఎక్కువ పోసినకొద్దీ తక్కువ వాసన వచ్చింది మీకు. నూనె తేలిన ఆ జార్లు ఎవరికీ అమ్మకండి, మీరూ వెలిగించకండి, పైనున్న నూనెకే మంట అంటుకోవచ్చు.

ఇక మర్నాడే వెలిగించి చూడటం. కలిపిన రోజే ఆవకాయ రుచి చూసి, ఉప్పు చాల్లేదని ఇంకో గుప్పెడు వేసినట్టుంది ఇది. సోయా మైనానికి ఒకటి రెండు వారాలు ఆగాలి, ఆ ఆగడాన్నే క్యూరింగ్ అంటారు, దాని గురించి కింద భీమవరం ఉత్తరంలో రాశాను. ఆయిల్ నాసిరకమా కాదా అన్నది అప్పటిదాకా తేల్చలేం.

మళ్ళీ 7 లేదా 8 శాతంతో మొదలుపెట్టండి. మి.లీ. లెక్క మానేయండి. ఒక్కో సెంటు సాంద్రత ఒక్కోలా ఉంటుంది, ఒకే కొలగిన్నెతో కొలిచినా బరువులు తేడా వస్తాయి. చిన్న డిజిటల్ కాటా కొనుక్కుని మైనమూ సెంటూ రెండూ గ్రాముల్లోనే తూచండి. 100 గ్రాముల మైనానికి 8 శాతం అంటే 8 గ్రాములు, అంతే. జారులో మొత్తం 180 గ్రాములు పట్టాలనుకుంటే మాత్రం 180ని 1.08తో భాగించాలి, మైనం సుమారు 167 గ్రాములు, సెంటు 13 గ్రాములు చిల్లర వస్తుంది. పది జార్లకైతే 1667, 133. కొందరు మొత్తం బరువు మీద శాతం కడతారు, తేడా కొద్దిగానే ఉంటుంది కానీ ఈరోజు ఒక లెక్క, రేపు ఒక లెక్క కడితే ఏ జారు ఎందుకు బాగా వచ్చిందో ఎప్పటికీ తెలీదు. జారులో ఎంత పడుతుందో తెలియకపోతే నింపాల్సినంత మట్టం దాకా నీళ్ళు పోసి తూచండి. మైనం నీళ్ళ కంటే తేలిక కాబట్టి 200 గ్రాముల నీళ్ళు పట్టేచోట 175 గ్రాముల దగ్గర్లో పడుతుంది. తర్వాత జారుని బాగా తుడిచి ఆరబెట్టండి, తడి ఉండకూడదు.

మైనం హద్దు ఒకటే కాదు, సెంటుకీ ఒక హద్దు ఉంటుంది. సుగంధాల వాడకానికి నియమాలు పెట్టే ఇఫ్రా అనే అంతర్జాతీయ సంస్థ లెక్కల్లో కొవ్వొత్తులు 12వ కేటగిరీ కింద వస్తాయి. అమ్మినవాళ్ళని మీ సెంటుకి ఇఫ్రా హద్దులు రాసిన కాగితం అడిగి, ఆ కేటగిరీలో ఎంత శాతం రాశారో చూడండి. రెండు హద్దుల్లో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

వేడి సంగతి. మైనాన్ని గ్యాస్ పొయ్యి మీద నేరుగా పెట్టకుండా, నీళ్ళు మరిగే గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. చాలా సోయా మైనాలకు 80–85 డిగ్రీల దగ్గర సెంటు పోసి, రెండు నిమిషాలు నిదానంగా కలిపి, 55–60 డిగ్రీలకు దిగాక జార్లలో పోయడం సరిపోతుంది. మీ మైనానికి వేరేగా రాసి ఉంటే దాన్నే పాటించండి. సెంటు సీసా మీద ఫ్లాష్ పాయింట్ 65 అని ఉంటే అంతకు మించిన వేడిలో పోస్తే వాసనంతా ఆవిరైపోతుందని చాలామంది భయపడతారు. ఫ్లాష్ పాయింట్ అంటే ఆ వేడి దగ్గర దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుందని అర్థం, అంతే గానీ మైనంలో కలిసిన సెంటు ఆ క్షణాన మాయమైపోతుందని కాదు. అందుకని పోసేముందు పొయ్యి కట్టేయండి, కలిపాక మళ్ళీ మళ్ళీ వేడి చేయకండి. ఎప్పుడైనా మైనం అంటుకుంటే నీళ్ళు మాత్రం పోయొద్దు, భగ్గుమని ఎగజిమ్ముతుంది. మూత బోర్లించి పొయ్యి ఆపేయండి.

ఇవన్నీ చేశాక కూడా వాసన రాకపోతే అప్పుడు వత్తిని అనుమానించండి, సెంటుని కాదు. ఏడు సెంటీమీటర్ల వెడల్పున్న జారు మూడు గంటలు వెలిగితే కరిగిన మైనం అంచుల దాకా చేరి ఒక సెంటీమీటరు లోతు దాకా ఉండాలి. మధ్యలో గుంటలా కరిగి చుట్టూ గట్టిగా మిగిలితే వత్తి సన్నమైంది. మంట ఎత్తుగా ఎగిరి గాజు మసిబారితే లావైంది. ఒక సైజు పైదీ, ఒక సైజు కిందిదీ కొని మిగతావేవీ మార్చకుండా చూడండి. ఇంకోటి, ఎండాకాలం మనిళ్ళల్లో ఫ్యాను ఆగదు కదా, ఫ్యాను కింద పెట్టి వాసన రావట్లేదంటే ఎలాగండీ. ఫ్యాను ఆపిన గదిలో పెట్టి, కాసేపయ్యాక పక్కింటివాళ్ళని పిలిచి అడగండి. పొద్దుట్నుంచీ సెంట్లు కలుపుతున్న మీ ముక్కు ఆ పూటకి సాక్ష్యానికి పనికిరాదు.

ప్రశ్న: గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకి ఇవ్వడానికి 60 జార్లు అడిగారు. అయిదు రోజులే టైముంది. క్యూరింగ్ త్వరగా అవ్వాలంటే ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? అసలు అన్నాళ్ళు ఎందుకు ఆగాలి? పైకి గట్టిపడే ఉంటుందిగా!
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఫ్రిజ్ వద్దు. గబుక్కున చల్లబడితే మైనం గాజుని వదిలేస్తుంది, పైన పగుళ్ళు వస్తాయి, క్యూరింగ్ మాత్రం ఒక్క రోజు కూడా ముందుకి జరగదు. సోయా మైనమంటే హైడ్రోజన్ కలిపి గట్టిపరిచిన సోయా నూనే. కొన్ని గంటల్లో చేతికి గట్టిగా తగిలినా లోపల దాని స్ఫటికాలు రోజుల తరబడి సర్దుకుంటూనే ఉంటాయి, ఆ సర్దుబాటులోనే సెంటు కూడా మైనంలో కుదురుకుంటుంది. మామూలు కొవ్వొత్తుల్లో ఉండే పారఫిన్ మైనానికి మూడు నుంచి అయిదు రోజులు చాలు. సోయాకి వారం తక్కువలో తక్కువ, రెండు వారాలైతే నిశ్చింత. మూత తీయగానే గుప్పుమనే వాసన ముందే వచ్చేస్తుంది, దాన్ని చూసి మోసపోకండి, వెలిగించినప్పుడు గదంతా పట్టేది వేరు.

పోశాక ఒక రోజు మూత లేకుండా, దుమ్ము పడకుండా వదిలేసి తర్వాత మూతలు పెట్టండి. ఎండ తగలని, మరీ వేడెక్కని చోట ఉంచండి. రేకుల షెడ్డు కింద అటక పనికిరాదు. ఇక మీ 60 జార్ల సంగతి: ఈరోజే పోసేసి, ప్రతి జారు మీదా చిన్న చీటీ అంటించండి, పోసిన తేదీకి రెండు వారాలు కలిపి "ఫలానా తేదీ తర్వాత వెలిగించండి" అని. బహుమతిగా అందుకున్నవాళ్ళు ఆ రాత్రికే వెలిగించరు కదా. అయితే ఈ వత్తి, ఈ జారు, ఈ సెంటు మూడూ కలిపి ఇంతకు ముందు మీరు పరీక్షించి ఉంటేనే ఒప్పుకోండి. కొత్త సెంటుతో అయిదు రోజుల్లో అంటే మొహమాటపడకుండా కుదరదని చెప్పేయండి.

ప్రశ్న: చుట్టూ పూలతోటలే. మల్లెపూలు మైనంలో వేసి మరిగిస్తే సహజమైన వాసన రాదా? పోనీ అగరుబత్తుల సెంటు, వంటల్లో వాడే ఎసెన్స్ వాడొచ్చా?
– ఒక పాఠకుడు, కడియం

జవాబు: రాదు. మల్లెపువ్వు చాలా సున్నితం, ఆవిరి పట్టి తీయబోతే వాసన చెడిపోతుంది, అందుకే పరిశ్రమల్లో ద్రావకాలతో తీస్తారు, బోలెడు పూలకి కాస్త సరుకు వస్తుంది కాబట్టి ఖరీదు కూడా అలాగే ఉంటుంది. మీరు మరిగిస్తే ఉడికిన పూల వాసన వస్తుంది, పువ్వుల్లో తడి మైనంలో చేరి వత్తి చిటపటలాడుతుంది. అందం కోసం ఎండు రేకులు పైన చల్లడం ఇంకా ప్రమాదం, అవి కొట్టుకుంటూ మంట దగ్గరికి వచ్చి రెండో వత్తి అయి కూర్చుంటాయి. వంట ఎసెన్సులు చాలావరకు నీళ్ళలో కలిసే రకాలు, మైనంలో కలవవు, అడుక్కి దిగిపోతాయి. అగరుబత్తుల సెంట్లలో పల్చన చేసే ద్రవాలు కలిపి ఉంటాయి, అవి బత్తి కోసం కలిపినవి, మైనంలో ఎలా మండుతాయో అమ్మినవాడు కూడా చెప్పలేడు. కొవ్వొత్తులకని అమ్మే ఆయిలే కొనండి.

ప్రశ్న: కొబ్బరి చిప్పల్లో కొవ్వొత్తులు పోస్తే కోనసీమ గుర్తుగా బాగుంటాయనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక మహిళా సంఘం సభ్యురాలు, అమలాపురం

జవాబు: చూడ్డానికి చాలా బాగుంటాయి, అందులో అనుమానం లేదు. కానీ చిప్పలు కాల్చి బొగ్గు చేసే ఊళ్ళవాళ్ళకి చిప్ప మండుతుందని నేను చెప్పాలా? మైనం అడుగంటేసరికి, లేదా వత్తి ఒక పక్కకి ఒరిగితే, చిప్పకే అంటుకుంటుంది. దాని కళ్ళలోంచి కరిగిన మైనం కారే భయం కూడా ఉంది. చిప్పని నున్నగా రుద్ది కుదురులా కింద పెట్టండి, మైనం మాత్రం దాని మీద కూర్చునే గాజు జారులో పోయండి. గుర్తూ ఉంటుంది, ఇల్లూ ఉంటుంది.

ప్రశ్న: వానాకాలంలో పోసిన జార్ల మీద తెల్లటి బూజు పట్టింది. పారేయాలా?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: వానల్లో మనకి చెప్పుల మీద కూడా బూజు వస్తుంది కాబట్టి అలా అనిపించి ఉంటుంది. అది బూజు కాదు, సోయా మైనం స్ఫటికాలు పైకి తెల్లగా కనిపించడం, ఫ్రాస్టింగ్ అంటారు. వాసనకీ మంటకీ ఏ లోపమూ లేదు. రంగు కలిపితే ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, రంగు మానేస్తే పెద్దగా తెలీదు.

ప్రశ్న: మే నెలలో హైదరాబాద్‌కి బస్సు పార్శిల్‌లో పంపితే జార్లలో మైనం ఒక పక్కకి జారిపోయి, పైన నూనె చెమటలా పట్టి చేరాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: జార్లకి వాడే సోయా మైనాల్లో చాలావాటికి 45–50 డిగ్రీల మధ్యే కరిగే గుణం ఉంటుంది, ఎండలో నిలబెట్టిన బస్సు డిక్కీలో ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఎండాకాలానికి కరిగే డిగ్రీ ఎక్కువున్న మైనం అడిగి తెచ్చుకోండి, సెంటు కూడా ఒకటి రెండు శాతం తగ్గించండి, హద్దు అంచున ఉన్న జారే ముందు చెమటలు కక్కేది. రాత్రి బయల్దేరి తెల్లారేసరికి చేరే బస్సులో వేసి, అందుకునేవాళ్ళని పొద్దున్నే వచ్చి తీసుకోమనండి. వెనక్కొచ్చిన జార్లని మళ్ళీ కరిగించి కొత్త సెంటు పోసి అమ్మాలని చూడకండి, అందులో ఇంకా ఎంత మిగిలిందో తెలీదు, మీ శాతాల లెక్క అక్కడే గల్లంతవుతుంది. పైనూనెని టిష్యూ కాగితంతో అద్ది, చల్లని చోట నాలుగు రోజులు ఉంచి, ఒకటి మీ దగ్గరే వెలిగించి చూసుకుని ఇంట్లో వాడేసుకోండి.