కారు లేకుండా నగరంలో ఒక రోజు: బరువంతా ఫోన్ మీదే వేయకండి

సెలవులు దగ్గరపడితే చాలు, ఒకే రకం ఉత్తరాలు వస్తాయి. పొద్దున్నే రైల్లో వెళ్లి, పెద్ద నగరం చూసుకుని, రాత్రికి తిరిగొచ్చేయాలి. కారు తీసుకెళ్లడం లేదు. ఫోన్‌లో ఏమేం ఉండాలి? కారు వద్దనుకోవడం మంచి నిర్ణయమే. కానీ ఆ ఉత్తరాలు చదువుతుంటే నాకు టెన్షన్ పట్టుకుంటోంది. దారి ఫోన్‌లోనే, టికెట్ ఫోన్‌లోనే, డబ్బూ ఫోన్‌లోనే, వెంట వచ్చినవాళ్ల నంబర్లూ ఫోన్‌లోనే. అది చేజారినా, ఆగిపోయినా తెలియని ఊళ్లో నడిరోడ్డు మీద నిలబడిపోవాలి. అందుకే ఈసారి ఆ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. ఏ యాప్ ఎలా వేసుకోవాలో మీకు తెలుసు కాబట్టి దాని జోలికి వెళ్లను.

ప్రశ్న: బస్సు 4 నిమిషాల్లో వస్తుందని మ్యాప్ చూపించింది. అరగంట నిలబడ్డా రాలేదు. యాప్ పాడైందా?

యాప్‌కేమీ కాలేదు. మీరు చూసింది టైమ్‌టేబుల్. అసలు బస్సు ఎక్కడుందో ఆ యాప్‌కి తెలియదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ 2005లో తన బస్సుల వేళలను మ్యాప్‌కి ఎక్కించడంతో మొదలైన ఫైళ్ల పద్ధతి ఒకటుంది, జీటీఎఫ్‌ఎస్ అంటారు. ఏ స్టాప్‌కి ఏ బస్సు ఎన్నింటికి రావాలో అందులో ఉంటుంది. బస్సు నిజంగా ఎక్కడుందో చెప్పే సమాచారం వేరే దారిలో వస్తుంది. రవాణా సంస్థ అది పంపకపోతే మ్యాప్ పాత టైమ్‌టేబుల్‌నే చూపిస్తుంది. చాలా మ్యాప్‌లలో లైవ్ సమయం వేరే రంగులోనో, పక్కన చిన్న సిగ్నల్ గుర్తుతోనో ఉంటుంది. మిగిలినదంతా అంచనా. ఆ రెండింటికీ తేడా పెద్ద అక్షరాలతో తెలిసేలా చేయడానికి వీళ్లకేం అడ్డమో నాకు అర్థం కాదు. పిల్లలతో ఎండలో నిలబడ్డ మనిషి ఆ పిసరంత గుర్తు ఎక్కడ వెతుక్కుంటాడు?

తిరుగు ప్రయాణంలో ఎక్కాల్సిన చివరి రైలు విషయంలో మాత్రం మ్యాప్‌ను అస్సలు నమ్మకండి. రైళ్లు నడిపే సంస్థ సైట్‌లో చూసుకోండి. ఆదివారాలు, పండగ రోజులు వేళలు మారతాయి.

ప్రశ్న: స్టేషన్ మెట్లెక్కి పైకి రాగానే మ్యాప్‌లోని నీలి చుక్క మమ్మల్ని పక్క వీధిలో చూపిస్తుంది. ప్రతిసారీ వ్యతిరేక దిక్కుకే నడుస్తున్నాం.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. వాటి సిగ్నల్ మన దాకా వచ్చేసరికి చాలా బలహీనపడుతుంది. ఎత్తైన భవనాల మధ్య అది గోడలకు తగిలి తిరిగి ఫోన్‌కి చేరుతుంది. దూరం ఎక్కువైనట్టు ఫోన్ లెక్కేసుకుని చుక్కను పక్క వీధిలో పెడుతుంది. ఇక మీరు ఎటు తిరిగి ఉన్నారో చెప్పేది ఫోన్‌లోని దిక్సూచి. పట్టాలు, ఇనుప రెయిలింగులు, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ దాన్ని తికమకపెడతాయి.

పైకి రాగానే పరుగెత్తకండి. ఒక నిమిషం ఆగి, ఎదురుగా కనిపించే వీధి బోర్డును మ్యాప్‌తో సరిపోల్చుకోండి. అంతకన్నా మంచిది, ఏ ఎగ్జిట్ నంబర్ నుంచి బయటికి రావాలో ఇంట్లోనే చూసి రాసుకోవడం. పెద్ద స్టేషన్లలో ఎగ్జిట్ తప్పితే రోడ్డు దాటడానికే పది నిమిషాలు పడుతుంది. వెళ్లే ప్రాంతం మ్యాప్‌ను ముందురోజు రాత్రే ఆఫ్‌లైన్‌లో దించుకోండి. నడక దారికి, లైవ్ వేళలకు చాలాచోట్ల నెట్ కావాలి. అయినా వీధుల బొమ్మ చేతిలో ఉంటే చాలావరకు గట్టెక్కుతాం.

ప్రశ్న: గేటు దగ్గర వాచ్‌తో ట్యాప్ చేసి లోపలికెళ్లాను, దిగాక ఫోన్‌తో ట్యాప్ చేశాను. రెండింటిలోనూ ఒకే బ్యాంకు కార్డు ఉంది. చార్జీ రెండుసార్లు ఎందుకు పడింది?

కార్డు ఒకటే కానీ గేటుకి ఆ సంగతి తెలియదు. ఫోన్‌లో, వాచ్‌లో కార్డు జోడించినప్పుడు అసలు నంబర్‌కి బదులు ఒక్కో పరికరానికి ఒక్కో మారు నంబర్ తయారవుతుంది. భద్రత కోసం పెట్టిన మంచి ఏర్పాటే అది. గేటు మాత్రం ఇద్దరు మనుషులు వచ్చినట్టు చూస్తుంది. ఒకరు ఎక్కారు, దిగలేదు. ఇంకొకరు ఎక్కకుండానే దిగారు. ప్రయాణం పూర్తికాలేదని ఇద్దరి మీదా గరిష్ఠ చార్జీ పడొచ్చు. పొద్దున దేనితో మొదలుపెడితే రాత్రి దాకా దానితోనే ట్యాప్ చేయండి. పర్సును అలాగే గేటుకి ఆనించకండి. అందులో రెండు కార్డులుంటే మీరు అనుకోని కార్డు మీద డబ్బు పోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి రైలు తలుపు దగ్గర నిలబడి మ్యాప్ చూస్తుంటే ఫోన్ లాక్కుని పోయారు. లాక్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాం. ఇంటికి వచ్చేలోపే ఖాతాలో డబ్బు పోయింది. ఎలా?

లాక్ ఉంది కదా అన్న ఈ మాట ఇలాంటి ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. అమ్మా, లాక్ ఉండేది జేబులో ఉన్న ఫోన్‌కి. మ్యాప్ చూస్తున్న ఫోన్‌కి లాక్ తీసే ఉంటుంది. దొంగకి కావాల్సింది అదే.

వాడు తలుపు పక్కనే నిలబడతాడు. తలుపులు మూసుకునే ముందు బీప్ మోగుతుంది చూడండి, ఆ క్షణంలో లాక్కుని ప్లాట్‌ఫాం మీదికి దూకుతాడు. తలుపులు మూసుకుంటాయి, రైలు కదులుతుంది, మీరు అద్దం లోపల ఉండిపోతారు. ఆ ఫోన్ స్క్రీన్ ఆరిపోకుండా వాడు వేలితో కదిలిస్తూనే ఉంటాడు. చాలాసార్లు ముందు ఈమెయిల్ తెరుస్తాడు. పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కితే కొత్తది పెట్టుకునే లింకు ఆ ఈమెయిల్‌కే వస్తుంది, ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తుంది. మీరు పిన్ కొట్టడం వెనక నుంచి ముందే చూసి ఉంటే ఇక చెప్పక్కర్లేదు, వేలిముద్రలు కూడా మార్చేస్తాడు. స్క్రీన్ లాక్ పడిపోయినా సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలు అక్కడికి వస్తాయి.

నన్ను అన్నింటికన్నా ఎక్కువ భయపెట్టేది ఈ గొలుసే. దీన్ని తెంచే పనులన్నీ ఇంట్లో కూర్చుని చేసుకోవాల్సినవి.

సిమ్‌కి పిన్ పెట్టండి. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ అని ఉంటుంది. సిమ్‌కి ముందే ఒక పిన్ ఉంటుంది, అదేమిటో నెట్‌వర్క్ వాళ్లని అడిగి తెలుసుకుని మార్చండి. ఊహించి కొట్టకండి. సాధారణంగా మూడుసార్లు తప్పితే సిమ్ లాకైపోయి, ఆ లాక్ తీసే 8 అంకెల పీయూకే కోడ్ అడుగుతుంది. పేమెంట్ యాప్‌కి, ఈమెయిల్‌కి విడిగా లాక్ పెట్టండి. అదీ ఫోన్ పిన్నూ ఒకటే కాకూడదు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లోని అక్షరాలు కనిపించకుండా దాచండి. లాక్ తీయకుండానే పైనుంచి లాగితే ఎయిర్‌ప్లేన్ మోడ్ బటన్ వచ్చే ఫోన్లున్నాయి. వీలుంటే అది ఆపేయండి. దొంగ ఆ ఒక్క బటన్ నొక్కితే మీ ఫోన్ ఎక్కడుందో మీకు తెలియదు.

చేతిలోంచి లాక్కున్న కుదుపును పసిగట్టి తనంతట తానే లాకయ్యే సౌకర్యం కొత్త ఫోన్లలో వస్తోంది. మంచి ఆవిష్కరణ. కానీ దాన్ని సెట్టింగ్స్‌లో నాలుగు మెట్ల కింద దాచిపెడితే ఎవరికి ఉపయోగం? కొత్త వాల్‌పేపర్ వచ్చిందని ఉదయం సాయంత్రం గుర్తుచేసే ఫోన్ ఈ ముక్క ఒక్కసారి చెప్పకూడదా? మీ ఫోన్‌లో అది ఉందా, ఆన్ చేసి ఉందా, ఈ రోజే చూడండి.

పోయాక ఏం చేయాలన్నది కూడా వరస ప్రకారం ఉండాలి. ముందు పక్కవాళ్ల ఫోన్ నుంచి మీ ఫోన్‌ను దూరం నుంచే లాక్ చేయండి, ఆ తర్వాతే సిమ్ ఆపించండి. సిమ్ ముందు ఆపిస్తే ఫోన్‌కి నెట్ పోతుంది, లాక్ ఆదేశం దానికి చేరదు. ఆ వెంటనే బ్యాంకుకి ఫోన్ చేయండి. ఇక్కడో చిక్కుంది. ఫోన్‌ను లాక్ చేయడానికి వేరే ఫోన్‌లో మీ గూగుల్ లేదా ఆపిల్ ఖాతాలోకి లాగిన్ కాబోతే ధ్రువీకరణ కోడ్ పోయిన ఫోన్‌కే వెళ్తుంది! అందుకే ఆ కోడ్‌కి బదులు వాడుకునేలా ఖాతా సెట్టింగ్స్‌లో దొరికే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. అవి ఏ ఖాతావో మాత్రం ఆ కాగితం మీద రాయకండి. *#06# డయల్ చేస్తే వచ్చే ఐఎంఈఐ నంబర్, అంటే మీ ఫోన్ గుర్తింపు సంఖ్య, కూడా రాసి ఉంచుకోండి, ఫిర్యాదు చేసేటప్పుడు కావాలి. ఇంకొక మాట. ఫోన్ వెనక కవర్లో బ్యాంకు కార్డు, నోట్లు దోపుకునే అలవాటు ఈ రోజే మానేయండి. రెండూ ఒకేసారి పోతాయి.

దారి చూసుకోవాలంటే గోడకి ఆనుకుని నిలబడి, రాబోయే రెండు మలుపులు గుర్తుపెట్టుకుని, ఫోన్ జేబులో పెట్టి నడవండి. రైల్లో తలుపు దగ్గర ఫోన్ బయటికి తీయొద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి.

ప్రశ్న: స్టేషన్లలో ఉచితంగా పెట్టిన యూఎస్‌బీ చార్జింగ్, అద్దె సైకిళ్ల క్యూఆర్ కోడ్ వాడొచ్చా?

మొదటిదాంట్లో ఆ తీగ ద్వారా ఫోన్‌లోని సమాచారం లాగేస్తారన్న భయం ఉంది, అది పెద్ద ప్రమాదమేమీ కాకపోవచ్చు, అయినా సొంత పవర్ బ్యాంక్ ఉండగా ఆ తలనొప్పి ఎందుకు? రెండోది జాగ్రత్త. క్యూఆర్ కోడ్ 1994లో జపాన్‌లో కార్ల విడిభాగాల లెక్క కోసం పుట్టింది. దాన్ని ఎవరు అతికించారో చెప్పే ఏర్పాటు అందులో లేదు. అసలు కోడ్ మీద ఇంకో స్టిక్కర్ అతికిస్తే చాలు, మీ కార్డు వివరాలు దొంగ సైట్‌లో పడతాయి. గోరుతో అంచు తడిమి చూడండి, పైకి లేస్తే వదిలేయండి. ఆ సైకిళ్ల కంపెనీ యాప్ తెరిచి, లోపలున్న స్కానర్‌తోనే స్కాన్ చేయండి.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు, బటన్ ఫోన్ వాడతారు. ఒంటరిగా నగరం వెళ్లొస్తానంటున్నారు. స్మార్ట్‌ఫోన్ కొనివ్వమంటారా?

ఆయన అడగలేదు కదా, కొనకండి. ఈ ప్రశ్న ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. టికెట్ కౌంటర్లు ఒక్కొక్కటే మూసేస్తున్నారు. యాప్‌లో కొనండి అంటున్నారు. ఆ యాప్ ఎలా ఉందో చూడండి. ఆ మధ్య నేను భూగర్భ స్టేషన్‌లో టికెట్ ఉన్న యాప్ తెరిస్తే, రాత్రి అప్‌డేట్ అయిందట, మళ్లీ లాగిన్ కమ్మంది. ఓటీపీ పంపానంది. అక్కడ సిగ్నల్ లేదు. వెనక ఇరవై మంది, ఒకావిడ చంకలో పసిబిడ్డ. డబ్బు కట్టిన టికెట్ నా చేతిలోని ఫోన్‌లోనే ఉంది, కానీ గేటు తెరుచుకోదు. స్క్రీన్‌షాట్ తీసుకుందామన్నా లాభం లేదు, కొన్ని సెకన్లకోసారి మారే కోడ్ అది. దొంగ టికెట్లు ఆపడానికి పెట్టారు, ఒప్పుకుంటాను. మరి నెట్ లేనిచోట కూడా తెరుచుకునేలా రాయడం అంత కష్టమా? కోడ్‌ను ఫోన్‌లోనే తయారుచేసే పద్ధతి ఉంది కదా! బ్యాంకు ఓటీపీ యాప్‌లు ఏళ్లుగా నెట్ లేకుండానే అంకెలు మారుస్తున్నాయి. భూమి కింద నడిచే రైలుకి టికెట్ యాప్ రాసినవాళ్లు ఒక్కసారైనా భూమి కిందికి దిగి పరీక్షించారా? ఫోన్ లేనివాళ్లకి, కళ్లు సరిగా కనపడనివాళ్లకి, బ్యాటరీ అయిపోయినవాళ్లకి కౌంటర్ ఉండాలి. కౌంటర్ తీసేసి దాన్ని ప్రగతి అంటే నేను ఒప్పుకోను.

మీ నాన్నగారికి రవాణా కార్డు దొరికే ఊరైతే అది తీసుకుని డబ్బు వేసి ఇవ్వండి. దానికి బ్యాటరీ అక్కర్లేదు, లాగిన్ అడగదు. ఒక కాగితం మీద దిగాల్సిన స్టేషన్, ఎగ్జిట్ నంబర్, తిరుగు రైలు వేళ, దాని తర్వాతి రైలు వేళ, మీ నంబర్ పెద్ద అక్షరాలతో రాయండి. స్టేషన్ పేరు మనం పిలుచుకునేలా కాకుండా అక్కడి బోర్డు మీద ఎలా ఉంటుందో అలాగే రాయండి.