స్మారక నోటా, సంస్మరణ నోటా?

సందేహం: మాది విజయవాడ, సత్యనారాయణపురం. పాత నోట్లు, నాణేలు పోగుచేయడం నాకున్న పిచ్చి. ఉక్రెయిన్ 2023లో యుద్ధం మీద వేసిన 20 హ్రివ్నియాల నోటు ఈమధ్యే చేతికొచ్చింది. ఆల్బంలో దాని కింద ‘సైనిక స్మారక నోటు. ఈ నోట్లో ముగ్గురు సైనికులు జెండా ఎత్తుతున్నారు. బజారులో చెల్లదు’ అని రాసుకున్నాను. గుంటూరులో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన మా బావగారు చూసి, స్మారకం అంటే పోయినవాళ్లకు కట్టేదని, ‘సంస్మరణ నోటు’ అని దిద్దమని అంటున్నారు. దిద్దమంటారా?

సమాధానం: దిద్దకండి. అంటే ఆ ఒక్క మాట దిద్దకండి, మిగతా వాక్యాల్లో దిద్దాల్సినవి ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

బావగారి మాట కాదనడం కష్టమే, అందులోనూ తెలుగు మాస్టారైన బావగారి మాట. కానీ ఇక్కడ ఆయన చెప్పింది సరిగ్గా తిరగబడింది. రెండు మాటలూ ‘స్మృ’ అనే ఒకే సంస్కృత ధాతువు నుంచి వచ్చినవే. స్మరణ అంటే తలుచుకోవడం, అది మనం చేసే పని. స్మారకం అంటే తలుచుకునేలా చేసేది, అది వస్తువు చేసే పని. ప్రేరేపించేది ప్రేరకం, బోధించేది బోధకం అయినట్టే ఇదీను. నోటు ఎవర్నీ స్మరించదు కదా, అది మనచేత స్మరింపజేస్తుంది, కాబట్టి స్మారక నోటే. పైగా ఈ ఉక్రెయిన్ నోటుకు అక్కడి నేషనల్ బ్యాంకు పెట్టిన పేరే ‘గుర్తుంచుకుంటాం! క్షమించం!’ అని. 2022 ఫిబ్రవరి 24న మొదలైన రష్యా దాడికి రేపటితో ఏడాది అనగా, 2023 ఫిబ్రవరి 23న విడుదల చేశారు, మొత్తం 3 లక్షల నోట్లు. వెనకవైపు టేపుతో కట్టేసిన రెండు చేతులు. అంతకంటే గట్టిగా గుర్తుచేసే కాగితం ఏముంటుంది?

ఇక సంస్మరణ. వ్యాకరణం ప్రకారం అందులోనూ చావు లేదు, ‘సమ్’ చేరి బాగా తలుచుకోవడం అయింది, అంతే. కానీ వాడుక వేరే దారిలో వెళ్లింది. రోడ్డు మీద ‘సంస్మరణ సభ’ అని ఫ్లెక్సీ కనపడితే దండ వేసిన ఫొటో ఎవరిదా అని మన కళ్లు వెతుకుతాయి. 1959 అక్టోబర్ 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైన్యం కాల్పుల్లో మన పోలీసులు ప్రాణాలు పోగొట్టుకున్నారు, ఏటా ఆ రోజున జరిపేది పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. (దీన్ని కొందరు ‘సంస్మరణ దినోత్సవం’ అంటారు, అమరులను తలుచుకునే చోట ఉత్సవం ఎందుకో నాకు మింగుడుపడదు.) కాబట్టి చావు వాసన వేసేది ఏదైనా ఉంటే అది బావగారు చెప్పిన మాటకే.

ఆయన ఎందుకలా అనుకున్నారో ఊహించగలను. గాంధీ కొండ మీద 1968లో ఆవిష్కరించిన స్తూపం లాంటివి చూసీ చూసీ స్మారకం అంటే పోయినవాళ్లదే అనిపిస్తుంది. మరి 2023లో కొత్త పార్లమెంటు భవనం ప్రారంభించినప్పుడు 75 రూపాయల స్మారక నాణెం విడుదల చేశారు, ఎవరు పోయారని? 1943లో పోర్ట్ బ్లెయిర్‌లో నేతాజీ జెండా ఎగరేసి 75 ఏళ్లయిందని 2018లో కూడా 75 రూపాయల నాణేన్నే ప్రకటించారు. అక్కడ గుర్తుచేసుకున్నది జెండా ఎగరేసిన రోజుని.

పోలండ్ వాళ్ల నోట్లు కూడా మీ ఆల్బంలోకి వస్తే ఇంకో చిక్కు వస్తుంది. 1920లో సోవియట్ సైన్యాన్ని తిప్పికొట్టిన వార్సా యుద్ధానికి నూరేళ్లయిందని 2020లో 20 జ్లోటీల నోటు వేశారు, అంతకుముందు 2014లో పోలిష్ లీజియన్లనే సైనిక దళాల నూరేళ్ల పండక్కి వేసింది కూడా 20 జ్లోటీలదే. వీటి కింద ‘శతజయంతి’ అని రాయకండి, జయంతి మనుషులకి. యుద్ధానికి శతవార్షికోత్సవం అనండి, బరువనిపిస్తే ‘నూరేళ్లయిన సందర్భంగా’ అనండి. ‘నూరేళ్లు నిండిన సందర్భంగా’ అని మాత్రం అనకండి, కొంప మునుగుతుంది.

ఇప్పుడు మీరు దిద్దుకోవాల్సినవి. మొదటిది ‘సైనిక’. నోట్లు పోగుచేసేవాళ్లు సైనిక నోట్లు అంటే వేరే జాతి నోట్లనుకుంటారు, సైన్యం వేసినవో సైన్యం కోసం వేసినవో. అమెరికా తన సైనికులకు విదేశాల్లో వాడుకోవడానికి 1946 నుంచి 1973 దాకా ఇచ్చిన కాగితాలు అలాంటివి. 1945లో మన రిజర్వు బ్యాంకు ఆరో జార్జి రాజు బొమ్మ ఉన్న నోట్ల మీదే బర్మా సైనిక పరిపాలన అనీ, బర్మాలో మాత్రమే చెల్లుతుందనీ అచ్చు కొట్టి అక్కడ వాడారు. రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లొచ్చిన పెద్దవాళ్లున్న ఇళ్లలో పాత ట్రంకుపెట్టెలు వెతకండి, ఏమో, దొరకొచ్చు. మీ ఉక్రెయిన్ నోటు ఆ జాతిది కాదు, సైనికుల బొమ్మ ఉన్న మామూలు కేంద్ర బ్యాంకు నోటు. ‘సైనిక’ తీసేసి, ‘యుద్ధం తొలి ఏడాది స్మారక నోటు’ అని రాస్తే తగాదా ఉండదు. ‘యుద్ధ స్మారక నోటు’ కూడా తప్పు కాదు గానీ యుద్ధ స్మారకం అనగానే రాతి కట్టడం కళ్లముందుకొస్తుంది.

రెండోది చదివి నవ్వుకున్నాను, ఏమనుకోకండి. ‘ఈ నోట్లో ముగ్గురు సైనికులు’ అంటే ఎవరి నోట్లో? నోరుకి లో చేరితే నోట్లో, నోటుకి లో చేరినా మాట్లాడేటప్పుడు నోట్లోనే. నోట్లో నువ్వుగింజ నానని మనుషుల్ని చూశాం గానీ సైనికులు నానడం ఎక్కడా లేదు. రాతలో ‘నోటులో’ అనొచ్చు, అంతకంటే ‘నోటు మీద’ బాగుంటుంది, బొమ్మ ఉండేది మీదే కాబట్టి. బహువచనంలో ఈ గొడవ లేదు, ఇవి నోట్లు, అవి నోళ్లు. (ఈ శీర్షికకి పెట్టిన పేరు చూసి ఎన్నికల నోటా అనుకున్నవాళ్లూ ఉంటారు, నేనేం చేయను.)

చివరిది ‘బజారులో చెల్లదు’. ఇది భాష తప్పు కాదు, విషయం తప్పు. చెల్లడం వేరు, చలామణిలో ఉండడం వేరు. చట్టం ఒప్పుకుంటే చెల్లుతుంది, చేతులు మారుతుంటే చలామణిలో ఉన్నట్టు. మన ఎన్టీఆర్ 100 రూపాయల నాణెం సంగతి చూడండి, 2023 ఆగస్టులో విడుదలైంది, కొనుక్కున్నవాళ్లు బీరువాలో దాచుకున్నారు తప్ప కూరగాయల బండి దగ్గర ఎవరూ తీయలేదు. మీ నోటూ అంతే, 20 హ్రివ్నియాలుగా చెల్లుతుంది, ఎవరూ ఖర్చుపెట్టరు. చెల్లని రూపాయికి గీతలెక్కువ అంటారు కదా, దీనికి గీతలూ ఎక్కువే, చెల్లుబాటూ ఉంది. ఆ వాక్యం కొట్టేసి ‘చెల్లుతుంది, చలామణికి వేసింది కాదు’ అని రాసుకోండి, బావగారికి చూపించే ముందు సిరా ఆరనివ్వండి.